గోరంత గంట పోయడానికి



2024 వేసవిలో మేము అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట మూడు నెలలు గడిపాము. వారి పక్కింట ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. రైల్వే మరమ్మతు షాపులో పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. ఇంటి కింద నేలమాళిగలో చిన్న రైలు పట్టాలు, కొండలు, వంతెనలు, స్టేషను, అన్నీ చేసి పెట్టుకొన్నారు. మొదట చూసినప్పుడు పెద్దవాళ్ళ ఆటబొమ్మలు అనుకొన్నాము. నాలుగు వారాలు ఆయన పక్కన ముక్కాలి పీట వేసుకొని కూర్చున్న తరువాత ఆ మాట వెనక్కు తీసుకొన్నాము.

ఆ నాలుగు వారాలూ ఆయన ఒకే ఒక వస్తువు కొరకు కష్టపడ్డారు. అది ఒక ఇత్తడి గంట. చిటికెన వేలి గోరుకంటె చిన్నది. ఈ నెల మా శీర్షికలో ఆ గంట కథ చెబుతాము. చిన్న వస్తువును సరిగా చేయడానికి ఎంత పని ఉంటుందో మన పిల్లలు కూడ తెలుసుకొంటారు.

ఎందుకు ఆ గంట?

మన దేశపు ఆవిరి ఇంజన్లు అనగానే మనకు ఈల గుర్తుకు వస్తుంది. అమెరికా ఇంజన్లకు ఈలతో బాటు గంట కూడ ఉండేది. స్టేషనులోకి వచ్చేటప్పుడు, ఊళ్ళ మధ్య రోడ్డు దాటేటప్పుడు అది మోగించేవారు. ఆయన తండ్రి పెన్సిల్వేనియా రైల్‌రోడ్డులో డ్రైవరు. ఆయన నడిపినవి 'కె4' తరగతి పాసింజరు ఇంజన్లు. 1914 నుంచి 1928 లోపల ఆ తరగతి ఇంజన్లు 425 తయారైనవి. 1957లో ఆ రైల్వే ఆవిరి ఇంజన్లను పూర్తిగా మానుకొన్నది. 425లో ఈనాడు మిగిలినవి రెండే రెండు. తండ్రి బండి వస్తున్నదని గంట చప్పుడును బట్టి చిన్నతనంలో వంటింట్లో నుంచే చెప్పేవాడినని ఆయన మాతో అన్నారు.

అటువంటి ఇంజనునే నిజం దానిలో 87వ వంతు కొలతకు పదకొండేళ్ళుగా చేస్తున్నారు. ఆ కొలతకు 'హెచ్ ఓ' అని పేరు. నిజం పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లయితే ఈ బొమ్మ పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. నిజం ఇంజను మీద 25 మిల్లీమీటర్ల గొట్టం ఉంటే ఇక్కడ అది 0.29 మిల్లీమీటర్లు కావాలి. గంట వెడల్పు 5 మిల్లీమీటర్లు. దానిని పట్టి ఉంచే కమాను చేతులు అర మిల్లీమీటరు కూడ లేవు.

ఇంజను అంతా పూర్తయింది. గంట ఒక్కటే లేదు. ఒకప్పుడు ఆ గంటను పోతపోసి అమ్మిన చిన్న కంపెనీ యజమాని ముసలివాడై పని మానుకొన్నారు. ఆయన రబ్బరు అచ్చులు ఎండి పగిలిపోయినవి. బజారులో వేరే గంటలు దొరుకుతాయి గాని కమాను ఆకారం వేరు. "మా నాన్న ఇంజనుకు వేరొకరి గంట ఎలా పెట్టను?" అన్నారు. చివరకు తానే పోతపోయ సంకల్పించారు.

పేరులో ఏముంది?

ఈ పద్ధతిని ఇంగ్లీషులో ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ అంటారు. మేము ఆ మాట వినగానే మా అల్లుడిని, "ఇందులో పెట్టుబడి ఎంత బాబూ?" అని అడిగాము. అతడు నవ్వి, "అది డబ్బు పెట్టుబడి కాదు మామయ్యగారూ, బట్ట తొడగడం" అన్నాడు. లాటిను భాషలో ఆ మాటకు వస్త్రం తొడగడమని అర్థమట. మైనపు బొమ్మకు ప్లాస్టరు అనే వస్త్రం తొడుగుతారు. తరువాత కాల్చితే లోపలి మైనం కరిగి పోతుంది. మైనం ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారిన తరువాత ప్లాస్టరు పగులగొడితే మైనం ఏ రూపంలో ఉండెనో లోహం ఆ రూపంలో బయటకు వస్తుంది.

ఇది కొత్త విద్య కాదు. మొహెంజొదారోలో 1926లో దొరికిన నాట్యగత్తె కంచు బొమ్మ ఈ విధంగా పోసినదే. దాని ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు. మన ఆదిలాబాదు జిల్లా ఓజ కళాకారులు చేసే డోక్రా బొమ్మలు కూడ మైనం పోగొట్టి పోసేవే. 2018లో ఆదిలాబాదు డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించింది. వారు మట్టి ముద్ద మీద మైనపు పోగులు చుట్టి ఆకారం తెస్తారు. ఆ మైనమూ, ఆ మట్టీ ఒక్కసారికే. కనుక ఒక బొమ్మ వలె మరొకటి ఉండదు, అదే దాని అందం.

రైలు బొమ్మలకు మాత్రం అలా కుదరదు. ఒక బండికి నాలుగు దీపాలు కావాలంటే నాలుగూ ఒకే తీరున ఉండాలి. అందుకు ముందుగా ఒక మాతృక చేసి, దానిని రబ్బరులో పెట్టి అచ్చు తీసి, ఆ అచ్చులోకి మైనం ఎక్కించి ఎన్ని కావాలంటే అన్ని మైనపు బొమ్మలు తీస్తారు. ఈ మెలకువ రైలు బొమ్మలవారికి ఇతరుల వద్ద నుంచే వచ్చింది. 1907లో ఇల్లినాయి రాష్ట్రపు దంతవైద్యుడు విలియం టాగర్ట్ పంటిలో పెట్టే బంగారాన్ని మైనపు పద్ధతిలో పోసి చూపించారు. తరువాత నగల తయారీదారులు రబ్బరు అచ్చును వాడుకలోకి తెచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల టర్బైను రెక్కలకు ఈ పద్ధతి పనికివచ్చింది. యుద్ధం తరువాత కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరంలో లెవాన్ కెమాల్యన్ అనే ఆయన కెమ్‌ట్రాన్ పేరుతో రైలు బొమ్మలకు ఇటువంటి ఇత్తడి భాగాలు అమ్మినవారిలో ముందువరుసలో ఉన్నారు. అంతకుముందు సీసం కలిసిన మెత్తని లోహంతో మొద్దుగా పోసిన భాగాలు చూచినవారికి ఆ సన్నని ఇత్తడి పని ఎంతో కొత్తగా కనిపించింది.

కొలతలోనే మొదటి చిక్కు

గంట 5 మిల్లీమీటర్లు కావాలంటే మాతృకను 5 మిల్లీమీటర్లకే చేయకూడదు. రబ్బరు అచ్చు చల్లారి కొంచెం కుదించుకొంటుంది. మైనం గట్టిపడి కొంచెం కుదించుకొంటుంది. చివరకు ఇత్తడి కూడ గట్టిపడి కొంచెం కుదించుకొంటుంది. ప్లాస్టరులోని ఇసుక జాతి పొడి కాలినప్పుడు వ్యాకోచించి ఈ నష్టంలో కొంత పూడ్చుతుంది గాని అంతా పూడ్చదు. పక్కింటాయన ముందుగా ఒక ఇత్తడి పలక ముక్కను మాతృకగా పెట్టి పోసి కొలిచారు. ఆయన సామగ్రితో మొత్తం కుదింపు నూటికి 4 వంతులని తేలింది. అందుచేత గంట మాతృకను 5.2 మిల్లీమీటర్లకు లేతు మీద తిప్పారు.

ఇంకొక సంగతి కూడ అప్పుడే గ్రహించాము. పాత గంట ఒకటి దొరికితే దానినే మాతృకగా పెట్టి పోయవచ్చు గదా అని మేము అడిగాము. "పోయవచ్చు. కాని నకలుకు నకలు తీస్తే ప్రతిసారీ నూటికి నాలుగు తగ్గుతుంది. పైగా పాతదానిలో ఉన్న తప్పు కొత్తదానిలోకి వస్తుంది. అది వేరొకరి కష్టం కూడ" అన్నారు.

మొదటి పోత

మైనపు గంటలు పన్నెండు తీసి, ఒక మైనపు కాడకు కొమ్మలవలె అతికించారు. దానిని చెట్టు అంటారు. చెట్టును ఉక్కు గొట్టంలో నిలబెట్టి, ప్లాస్టరు పిండిని నీళ్ళతో కలిపి పోశారు. నూరు గ్రాముల పిండికి సుమారు 40 గ్రాముల నీళ్ళు. ఎక్కువైతే అచ్చు బలహీనమవుతుంది, తక్కువైతే సందుల్లోకి పోదు. కలిపిన తరువాత ఎనిమిది తొమ్మిది నిమిషాలలో పని ముగించాలి. లేకపోతే గట్టిపడుతుంది. మధ్యలో గాలి పంపుతో బుడగలు లాగివేయాలి.

గొట్టం గట్టిపడిన తరువాత విద్యుత్ కొలిమిలో పెట్టి గంటల తరబడి మెల్లగా వేడి పెంచి 730 డిగ్రీలకు తెచ్చారు. మైనం మసి కూడ మిగలకుండ కాలిపోవాలి. మరీ ఎక్కువ వేడైతే ప్లాస్టరులోని జిప్సం విరిగి గంధకపు వాయువు వస్తుంది, లోహం పాడవుతుంది. తరువాత గొట్టాన్ని 500 డిగ్రీలకు దించి, స్ప్రింగుతో గిరగిర తిరిగే యంత్రంలో బిగించి, మూసలో ఇత్తడి కరిగించి, స్ప్రింగు వదిలారు. తిరిగే వేగానికి లోహం అచ్చులోకి విసురుగా పోతుంది.

నీళ్ళలో ముంచి ప్లాస్టరు కడిగి చూస్తే పన్నెండు గంటలకూ కమానులు లేవు. సగం చేతులే వచ్చినవి. గొట్టాన్ని కొలిమి నుంచి యంత్రం దగ్గరకు తేవడంలో ఆలస్యమైంది. అచ్చు చల్లబడింది. అర మిల్లీమీటరు సందులోకి లోహం పోకముందే గడ్డకట్టింది. పైగా గంటల మీద ఆవగింజల వంటి గుళ్ళు ఉన్నవి. అవి ప్లాస్టరులో మైనానికి అంటుకొని మిగిలిన గాలి బుడగలు. బుడగ ఉన్న చోట ఇత్తడి నిండి గుళ్ళయింది. ఆ రాయివంటి పొడి గాలిలోకి లేవకుండ తడిగానే కడుగుతారు. దాని కారణం కింద చెబుతాము.

రెండవ పోత, ఒక భయం

రెండవసారి అచ్చునూ లోహాన్నీ మరికొంత వేడి చేశారు. కమానులు పూర్తిగా వచ్చినవి. అందరము సంతోషించాము. గంటను అడ్డంగా కోసి భూతద్దంతో చూస్తే లోపల సూదిమొన వంటి గుంటలు. కారణం ఏమిటంటే, మైనపు కాడను సన్నని కమాను కొసకు అతికించారు. సన్నని భాగం ముందు గట్టిపడింది. లావైన గంట ఇంకా గట్టిపడుతూ కుదించుకొంటూ మరికొంత లోహం కోరింది. దారి అప్పటికే మూసుకుపోయింది. ఆకలిగొన్న గంట లోపల బోలుపడింది.

ఆ రాత్రి మరొకటి జరిగింది. పెద్దాయనకు చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు. ఆయన భార్య భయపడి మా అమ్మాయికి ఫోను చేశారు. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం. ఇత్తడి సుమారు 900 నుంచి 950 డిగ్రీలకు కరుగుతుంది. తుత్తునాగం 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. వేడి ఎక్కువ పెట్టినందున తెల్లని పొగ లేచింది. గరాజు తలుపు వేసి ఉన్నది. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత ఇటువంటి జ్వరం వస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది. ఆయనకూ మర్నాటి సాయంత్రానికి తగ్గింది. కాని డెబ్భై ఆరేళ్ళ వయసులో అది చిన్న సంగతి కాదు.

భార్య ఆయనతో ఒక్క మాటే అన్నారు. "నాకు ఇంజను మీద గంట అక్కరలేదు. ఇంట్లో నువ్వు కావాలి." ఆయన బదులు చెప్పలేదు. మూడు రోజులు గరాజు తలుపు తీయలేదు.

నాలుగవ రోజున మా అల్లుడు వెళ్ళి ఆయనతో మాట్లాడాడు. మానివేయమని చెప్పలేదు. జాగ్రత్తగా చేస్తేనే నేను సాయం వస్తానని చెప్పాడు. ఇద్దరూ కలిసి పద్ధతి మార్చారు. తుత్తునాగం ఎక్కువగా ఉన్న ఇత్తడి మాని సిలికాను కంచు తెచ్చారు. గోడకు పొగ లాగే పంకా బిగించారు. తలుపు బార్లా తీశారు. ప్లాస్టరు పిండి కలిపేటప్పుడు ముక్కుకు మంచి ముసుగు పెట్టుకొన్నారు. ఆ పిండిలో ఉండేది స్ఫటికపు జాతి సన్నని ధూళి. జ్వరమువలె అది వెంటనే తెలియదు. ఏళ్ళ తరబడి పీల్చితే ఊపిరితిత్తులు గట్టిపడి సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. వచ్చిన తరువాత నయం కాదు. లోహం పోసే రోజున తాను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటానని భార్య షరతు పెట్టారు. ఆయన ఒప్పుకొన్నారు.

మూడు, నాలుగు

మూడవసారి కాడను గంట నడినెత్తికి, లావు ఉన్న చోట అతికించారు. ఆ మచ్చ కమాను కింద దాగుతుంది. లోహం ముందు గంటలోకి, అక్కడి నుంచి కమానులోకి పోతుంది. సన్నని చేతులు ముందు గట్టిపడినా గంటకు కాడ నుంచి లోహం అందుతూనే ఉంటుంది. ఆలోచన సరియైనదే. అయితే కొలిమి వేడి తొందరగా పెంచారు. ప్లాస్టరులోని తడి ఆవిరై తోసింది. ఇంకొక సంగతి, ఆ పొడిలోని ఒక పదార్థం 200 నుంచి 270 డిగ్రీల మధ్య ఒక్కసారిగా ఉబ్బుతుంది. అక్కడ ఓపిక పట్టాలి. పట్టలేదు గనుక అచ్చు చీలింది. చీలికలలోకి లోహం పోయి గంటలకు తూనీగ రెక్కల వంటి రేకులు వచ్చినవి.

నాలుగవసారి ఆయన ప్రతి అరగంటకూ వేడిని నోటుపుస్తకంలో వ్రాసుకొన్నారు. తెల్లవారుజామున మొదలుపెట్టి సాయంత్రం పోశారు. గుమ్మంలో ఆమె, యంత్రం దగ్గర ఆయన, పట్టుకారుతో మా అల్లుడు. స్ప్రింగు వదిలినప్పుడు ఎవరమూ మాటలాడలేదు. గొట్టాన్ని నీళ్ళ బాల్చీలో దించితే బుసబుసమని ప్లాస్టరు విడిపోయింది. ఎర్రని చెట్టుకు పన్నెండు గంటలు. కోసి, కడిగి, భూతద్దంతో చూస్తే ఏడు బాగున్నవి.

ఎనిమిదవది కూడ బాగున్నదనే మేము అనుకొన్నాము. కమాను చక్కగా ఉన్నది. గంట నున్నగా ఉన్నది. లోపలి వైపున మాత్రం సూదిమొనంత గుంట ఒకటి. ఎవరికీ కనబడదు. ఆయన దానిని తీసి తుక్కు డబ్బాలో వేశారు. "అది తలకిందులుగా చూస్తే గాని తెలియదు గదా!" అన్నాము. ఆయన ఇలా చెప్పారు: "గంటను కమానుకు, కమానును ఇంజనుకు టంకంతో అతుకుతాను. అతికేటప్పుడు వాడే ద్రావకం ఆ గుంటలోకి పోతుంది. ఎంత కడిగినా రాదు. ఏడాది తరువాత అదే మెల్లగా బయటకు వచ్చి, రంగు కిందనుంచి పచ్చగా చిలుము పడుతుంది. అప్పుడు గంట ఒక్కటే కాదు, పక్కనున్నది కూడ చెడుతుంది."

ఆ మాట మాకు మనసున నాటింది. పైకి కనబడని గుంట దానంతట అది పూడదు. కొన్నాళ్ళకు అదే బయటపడుతుంది.

ఇప్పుడు ఏమి జరుగుతున్నది?

ఈనాడు కంప్యూటరులో గీసిన బొమ్మను పొరలు పొరలుగా ప్లాస్టికు వంటి జిగురుతో అచ్చువేసే యంత్రాలు ఇళ్ళలోకి వచ్చినవి. మాతృకను ఫైలుతో రాయనక్కరలేదు. అయితే చిక్కులు తీరలేదు, మారినవి. మైనం ముందుగా కరిగి కారిపోతుంది. ఈ జిగురు కరగక ముందు ఉబ్బుతుంది, సన్నని అచ్చును లోపలి నుంచి చీల్చగలదు. కొన్ని జిగురులు కాలిన తరువాత బూడిద మిగుల్చుతాయి. పొరల గీతలు గంట మీద అలాగే కనబడతాయి. అందుచేత చాలామంది జిగురు బొమ్మను నున్నగా సాపుచేసి, దాని నుంచి రబ్బరు అచ్చు తీసి, మరల మైనం దగ్గరకే వస్తున్నారు.

చిన్న తయారీదారుల కష్టం వేరు. ఒక గంట కొనేవారు దేశమంతటా కొద్దిమందే. అచ్చు చేయడానికి పట్టే కాలం మాత్రం వేయి గంటలకైనా పది గంటలకైనా ఒకటే. యజమాని వృద్ధుడైనప్పుడు మాతృకలు, అచ్చులు ఎవరికైనా అప్పగించకపోతే ఆ భాగం మరల దొరకదు. వేడి ఎంత, కాడ ఎక్కడ, కుదింపు ఎంత అన్నవి వ్రాసి పెట్టకపోతే తరువాతివాడు మరల మొదటి పోత నుంచే మొదలుపెట్టాలి.

మన ఇళ్ళకు రెండు మాటలు

మన ఊళ్ళలో నగల దుకాణాలకు పనిచేసే కుర్రవాళ్ళు చాలామంది ఇదే మైనపు పోత పని చేస్తున్నారు. మీ ఇంట అటువంటి పిల్లవాడుంటే రెండు సంగతులు అడగండి. ప్లాస్టరు పిండి కలిపేటప్పుడు ముక్కుకు సరియైన ముసుగు ఉన్నదా? చేతిరుమాలు చాలదు, ఆ ధూళి గుడ్డలోనుంచి పోతుంది. లోహం కరిగించే గదిలో పొగ బయటకు పోయే దారి ఉన్నదా? పొడిని చీపురుతో ఊడ్వవద్దని, తడిగుడ్డతో తుడవమని చెప్పండి. పని చేసిన రాత్రి చలిజ్వరం వస్తే మామూలు జ్వరమని ఊరుకోక, ఏ లోహం కరిగించారో డాక్టరుకు తప్పక చెప్పాలి.

మేము బయలుదేరే ముందు రోజు పక్కింటాయన మమ్మును కిందికి పిలిచారు. ఇంజను పట్టాల మీద ఉన్నది. గంట దాని చోట ఉన్నది. దీపం వెలుగుకు మెరుస్తున్నది. ఆయన భార్య మెట్ల మీద కూర్చొని ఉన్నారు. ఆయన మీట తిప్పారు. బండి కొండ చుట్టి వచ్చి స్టేషనులో నిలిచింది. అంత చిన్న గంట మోగదు. అయినా ఆయన తల కొంచెం పక్కకు వంచి వింటున్నవానివలె నిలుచున్నారు.

మిగిలిన ఆరు గంటలలో ఒకటి మా అల్లుడికి ఇచ్చారు. దానితో బాటు నోటుపుస్తకం ఇచ్చి నకలు తీసుకొమ్మన్నారు. అందులో నాలుగు పోతల వివరాలూ ఉన్నవి. చెడిపోయిన మూడింటికే ఎక్కువ పుటలు ఉన్నవి.

మాకు మాత్రం తుక్కు డబ్బాలో నుంచి ఆ ఎనిమిదవ గంటను అడిగి తెచ్చుకొన్నాము. ఇప్పుడు మా వ్రాతబల్ల మీద ఉన్నది. చూచినవారు చాలా చక్కగా ఉన్నదంటారు. మేము దానిని తిప్పి లోపల గుంట చూపిస్తాము.

వచ్చే నెల మరల కలుసుకొందాము.